మృగశిరకు ముందు ఇల్లు

సిమెంటు కప్పు సాధారణం కాకముందు తెలుగు పల్లెల్లో ఇల్లు బాగుచేసుకోవడం ఎప్పుడో ఒకసారి తలపెట్టే పెద్ద పని కాదు. దుక్కి, విత్తు, కోత, నూర్పిడులలాగే అదీ ఏటి పనుల్లో ఒకటి, దానికీ ఒక అదను ఉండేది. నూర్పిళ్ళు ముగిసి గింజలు గాదెకు చేరిన నాటి నుంచి జూన్ మొదటి వారం దాటగానే ప్రవేశించే మృగశిర కార్తె వరకు ఉన్న ఎండకాలమే ఆ అదను. ఆ గడువులో పని తెమలకపోతే ఇంటిల్లిపాదీ ఎంత అవస్థ పడవలసి వచ్చేదో తెలియాలంటే పదహారో శతాబ్దపు ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణన చూడవచ్చు. తడిసిన కట్టెలు రగలక పొయ్యి దగ్గర ఇల్లాలు పడే పాట్లను కూడా శ్రీకృష్ణదేవరాయలు వదిలిపెట్టలేదు. మట్టితో, ఆకుతో, కర్రతో కట్టిన ఇళ్ళ చరిత్రను కట్టిన నాటితో ముగించడానికి వీలులేదు. ఏటా సగం విప్పి మళ్ళీ కప్పుకుంటూ, అందులోనే వండుకుని పడుకున్న కుటుంబాల శ్రమ కూడా ఆ చరిత్రలో భాగమే.

కోస్తా జిల్లాల్లో ఈ పనిని ఇల్లు నేయడం అనేవారు. తాటాకు కప్పు రెండు మూడేళ్ళకు, వరిగడ్డి కప్పు అంతకంటే ముందే చివికిపోయేది కాబట్టి, ముందుగా కొట్టి ఎండబెట్టి, బరువు కింద అణచి ఉంచిన ఆకును సిద్ధం చేసుకుని, ఇరుగుపొరుగు మగవాళ్ళు బదులు పద్ధతిన, అంటే నేడు ఒకరి ఇంటికి రేపు మరొకరి ఇంటికి కూలి లేకుండా సాయం వెళ్ళే ఒప్పందం మీద, తెల్లవారుజామునే కప్పెక్కేవారు. పాత ఆకు లాగివేశాక దూలాలు, వాసాలు, వాసాలకు అడ్డంగా కట్టిన పెండెలు బయటపడేవి. పుచ్చినవాటిని మార్చి, చూరు దగ్గర మొదలుపెట్టి ఒక వరస మీద ఒక వరస ఎక్కేలా ఆకు కట్టుకుంటూ పైనున్న కొప్పు దాకా పోయేవారు. పొయ్యి పొగ తగిలి మసిబారిన వంటింటి వాసాలకు పురుగు తక్కువ పట్టేది కనుక వాటిని తీసేసే అవసరం అంతగా వచ్చేది కాదు. పాత ఆకులో తేళ్ళు, జెర్రులు, ఒక్కోసారి పాములు ఉండేవి కాబట్టి పిల్లలను ముందే దూరంగా పంపేసేవారు. ఆ రోజుకు వంట పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద సాగేది; అటక మీది విత్తనాల కుండలు, పచ్చడి జాడీలు, దేవుడి పటాలు పక్కింటి వసారాకు చేరేవి; సాయం వచ్చినవారికి భోజనం పెట్టడం ఇంటివారి బాధ్యత. దించిన ఆకు పొయ్యిలోకీ, చివికిన గడ్డి పెంటపోగుకూ పోయేవి.

రాయలసీమలో కథ వేరు. అక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ, తాటితోపులు అరుదు. అందువల్ల మందమైన మట్టిగోడల మీద, లేదా రాతిగోడల మీద, దూలాలు, దంతెలు పరచి, వాటిపై బండలో కంపో వేసి, మట్టి కప్పి, ఆ పైన చౌడు పరచిన చదును కప్పుల మిద్దెలు వెలిశాయి. చౌడు అంటే పంటకు పనికిరాని సోడియపు నేల. సేద్యానికి శత్రువైన ఆ గుణమే ఇంటికి రక్షణ అయింది: తడి తగలగానే అందులోని సన్నని బంకరేణువులు విడివడి, ఉబ్బి, మట్టి సందులను మూసివేస్తాయి కాబట్టి నీరు లోపలికి దిగక, వాటంగా తీర్చిన కప్పు మీదుగా దోనెల వైపు జారిపోతుంది. పొలానికి పనికిరాని నేలను ఎన్ని తరాల వారు ఎంత శ్రద్ధగా గమనిస్తే ఈ ఉపాయం చేతికందిందో తలచుకుంటే గౌరవం కలుగుతుంది. అయితే ఎండలకు ఆ పొర నెర్రెలు విచ్చేది, గాలికి కొంత కొట్టుకుపోయేది. అందుకే రోహిణి ఎండల్లో బండ్లతో చౌడు తోలుకుని, గంపలతో పైకెత్తి, పరచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి గట్టిచేసేవారు. దిమ్మిస పోటు పడ్డప్పుడల్లా దంతెల సందుల నుంచి మన్ను రాలేది కాబట్టి, ఇంట్లో అన్నం కుండ నుంచి నీళ్ళ కాగు దాకా అన్నిటి మీదా మూతలు ఉండవలసిందే. కప్పులో వెలుతురుకూ పొగకూ వదిలిన గవాక్షిని కూడా ఆ పూటకు కప్పివేసేవారు. మామూలు రోజుల్లో మిరపకాయలు ఎండే చోటు, రాత్రిళ్ళు మనుషులు పడుకునే చోటు మిద్దె పైభాగమే కాబట్టి, పని నడిచినన్నాళ్ళూ మంచాలు వీధిలోకి దిగేవి. ఏటేటా కొత్త చౌడు చేరి బరువు పెరిగి దూలాలు వంగే ప్రమాదమూ ఉండేది. తెలిసిన కుటుంబాలు పాత పొరను చెక్కించి గాని కొత్తది వేయించేవి కావు.

కప్పు పని మగవారి పేరుతో సాగినా, గోడలూ నేలా దాదాపుగా ఆడవారి చేతుల మీదే నిలిచాయి. గోడల పగుళ్ళను ఊక కలిపి తొక్కిన మట్టితో పూడ్చడం, నేలను పేడతో అలకడం, గోడ కింది భాగానికి ఎర్రమట్టి, తెలంగాణలో జాజు, పూయడం, పైభాగానికి సున్నం కొట్టడం ఏ కూలి లెక్కలోకీ రాని పనులు. సున్నాన్ని కుండలో నానబెట్టి, గోడకు పట్టడానికి తుమ్మజిగురో గంజో కలిపి, తెలుపు తేరడానికి కాస్త నీలిమందు వేసి, చితగ్గొట్టిన ఈత కమ్మ కుంచెతో పూసేవారు. కోస్తాలో సంక్రాంతికి, తెలంగాణలో దసరాకు ఇంకొక విడత వెల్ల పడేది. సున్నపు నీటికి వేళ్ళ సందులు ఒరిసిపోయి మంటలు పుట్టేవి, ఆ చేతులతోనే పూట పూటా వంట కూడా జరిగేది.

పెంకుటిళ్ళలో ఏటి పని కొంత తేలిక. కుమ్మరి కాల్చిన నాటు పెంకులను ఒక వరస వెల్లకిలా, ఒక వరస బోర్లా పేర్చేవారు కాబట్టి, ఎండకాలంలో వాటిని తీసి, దుమ్మూ ఆకులూ దులిపి, పగిలినవి మార్చి తిరగవేయిస్తే చాలు. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో స్థాపించిన పెంకుల కర్మాగారంతో మొదలైన యంత్రపు పెంకు ఒకదానికొకటి గాడిలో కూర్చునేది కాబట్టి, అది వ్యాపించిన చోట ఈ తిరగవేత కూడా తగ్గింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేల ప్రాణాలతోపాటు మట్టిగోడల, ఆకు కప్పుల ఇళ్ళు కొట్టుకుపోవడం పక్కా ఇల్లు ఎందుకు కావాలో అందరికీ తెలియజెప్పింది. 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, ఆ తరువాతి ప్రభుత్వ పథకాలు స్లాబును మారుమూల పల్లెలకు చేర్చాయి. ప్రాణాలకు భరోసా ఇచ్చిన ఆ మార్పును తక్కువ చేయడం అన్యాయం. అయితే ఏటి పని పోవడంతో బదులు సాయమూ, ఆ అదనూ పోయాయి. మరమ్మతు ఇరవై ముప్పై ఏళ్ళకొకసారి అప్పుతో, మేస్త్రీతో, కొన్ని నెలల అద్దె ఇంటితో వచ్చిపడే పనిగా మారింది. మిద్దె కారితే ఇంటివారే కారినచోట నాలుగు గంపల చౌడు పోసి తొక్కేవారు. స్లాబులో మాత్రం పగులు ఒకచోట, నీరు బయటపడేది మరొకచోట కాబట్టి, తడిసిన మచ్చను చూసి కారణం పట్టుకోవడం ఇంటివారి చేతిలో లేదు.