ఇబ్నె సీనా నియమాలు - కృష్ణా డెల్టా నీటి మొక్కలు

బెజవాడ వద్ద కృష్ణా నదిపై ఆనకట్ట 1855లో పూర్తయింది. దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజీ వెలసింది. ఇక్కడ చీలిన కాలువలు డెల్టాను మాగాణిగా మార్చాయి. ఆ కాలువ గట్లూ, చెరువులూ, పంటబోదెలే కలువకూ, నీరుగొబ్బికీ, నీరుబ్రాహ్మికీ నెలవులు.

ఈ మొక్కలలో కొన్ని యునానీ హకీములకు చిరపరిచితాలు. నీరుగొబ్బి గింజలను వారు తాల్ మఖానా అంటారు. కలువను నీలోఫర్ అంటారు. దాని పూలతో చేసే షర్బతె నీలోఫర్‌ను శరీరంలోని వేడిని తగ్గించడానికి ఇస్తారు. మనం నీలోత్పలం అనే సంస్కృత పదమే పారశీకంలో నీలూఫర్‌గా మారి, అరబ్బీ ద్వారా ఐరోపా భాషలకు సైతం చేరింది. మొక్కతోపాటు దాని పేరు కూడా దేశాలు దాటిందన్నమాట.

అయితే మందు పేరు ప్రసిద్ధమైనంత మాత్రాన దాని గుణం రుజువైనట్లేనా? ఈ ప్రశ్నను ఇబ్నె సీనా (980-1037) వెయ్యేండ్ల క్రితమే చర్చించారు. ఐదు భాగాల 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్'లో రెండవ భాగం మూలికలు మొదలైన ఏక ఔషధాలకు సంబంధించినది. అందులో ఆయన మందును పరీక్షించడానికి ఏడు నియమాలు నిర్దేశించారు. వాటిలో రెండు ఇక్కడ ప్రత్యేకంగా పేర్కొనదగినవి. మొదటిది, మందుకు బయటి నుంచి వచ్చిన గుణమేదీ అంటి ఉండరాదు. నీరు స్వభావతః చల్లనిదే అయినా, కాచిన నీరు వేడినే ఇస్తుంది కదా! చివరిది, పరీక్ష మానవ శరీరంపైనే జరగాలి. సింహంపైనో గుర్రంపైనో కనిపించిన ఫలితం మనిషికి వర్తించకపోవచ్చు.

వాపును యునానీ గ్రంథాలు 'వరమ్' అంటాయి. అందులో శరీర రక్షక కణాల పాత్రను 1882లో మెచ్నికోవ్ గుర్తించాడు. ఆయనకు 1908లో నోబెల్ బహుమతి లభించింది. నేటి ప్రయోగశాలలలో ఆ కణాలను పాత్రలో పెంచి, బాక్టీరియా పైపొరలోని పదార్థంతో రెచ్చగొడతారు. అప్పుడవి వాపును కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. మొక్క సారం కలిపినపుడు ఆ విడుదల ఎంత తగ్గిందో కొలుస్తారు. 2017లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఎలుక మెదడుకు చెందిన రక్షక కణాలపై నీరుబ్రాహ్మి సారం ఇట్టి రసాయనాలను రెంటిని తగ్గించింది.

ఇది సంతోషించదగిన ఫలితమే. కాని ఇబ్నె సీనా చివరి నియమం ప్రకారం ఇది తొలి మెట్టు మాత్రమే. పాత్రలోని కణం మనిషి కాదు. మింగిన మందు జీర్ణమై, రక్తంలో కలిసి, తగినంత మోతాదులో వాపు వద్దకు చేరాలి.

మొదటి నియమమైతే డెల్టాను సూటిగా నిలదీస్తుంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువులు సరస్సును ఆక్రమించగా, 2006లో ప్రభుత్వం పెద్దయెత్తున గట్లను తెగగొట్టవలసి వచ్చింది. పొలాల నుంచి పురుగుమందులూ, పట్టణాల నుంచి మురుగూ నీటిలో కలుస్తున్నాయి. నీటి మొక్కలు సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకుని తమలో నిలువ చేసుకుంటాయి. నీరుబ్రాహ్మి కూడా ఇందుకు మినహాయింపు కాదు. అటువంటి మొక్క నుంచి తీసిన సారం మందు గుణాన్ని చూపుతుందా, మురుగు గుణాన్నా?

కనుక పూర్వుల వైద్యాన్ని గౌరవించడమంటే వారు చెప్పిన మూలికల పేర్లను వల్లించడం కాదు. వారు విధించిన పరీక్షకు ఆ మూలికలను నిలబెట్టడం, అవి పెరిగే నీటిని శుభ్రంగా ఉంచడం.