అశోకుని జింక – మన చేను



రాయచూరు నుంచి గుంతకల్లు వెళ్ళే రైలు మట్మారి దాటి తుంగభద్ర వంతెన మీదికి వస్తుంది. దారికి రెండు పక్కలా మెట్టభూములే. నదికి ఇటు కర్ణాటక, అటు ఆంధ్రప్రదేశ్. ఈ సరిహద్దు మెట్టల్లో కృష్ణజింకల మంద కనబడితే బాటసారి ఆగి ముచ్చటగా చూస్తాడు. ఆ చేను దున్ని విత్తినవాడికి మాత్రం గుండె గుభేలుమంటుంది. మొలక మీద ఉన్న శనగలో ఒక మంద ఒక రాత్రి దిగితే మళ్ళీ విత్తనం కొనవలసిందే. వన్యప్రాణి సంరక్షణ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా బాటసారి చూపుతోనే చెప్పుకుంటాం. ఈరోజు రైతు చూపును కూడా కలుపుకుని చూద్దాం.

ఈ చరిత్ర మన ప్రాంతంలో చాలా పాతది. రాయచూరు జిల్లాలోనే ఉన్న మస్కిలో 1915లో అశోకుని శాసనం బయటపడింది. అశోకుడనే పేరు స్పష్టంగా కనిపించిన శాసనంగా అది ప్రసిద్ధి. అలాగే గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట బండల మీద ఆ చక్రవర్తి పెద్ద శాసనాలు చెక్కి ఉన్నాయి. వాటిలో మొదటి శాసనం జీవహింస గురించే. రాజుగారి వంటశాలలో పూర్వం రోజూ లక్షలాది ప్రాణులు చచ్చేవట. ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు, మునుముందు అవి కూడా ఉండవు అని దాని సారాంశం. అశోకుడు దయను తన వంటింటి నుంచి మొదలుపెట్టాడు. దాని ఖర్చు ముందు తాను భరించాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

తరువాతి రాజుల కాలంలో జింక వేట వినోదమైంది. చీతాలను మచ్చిక చేసి, కళ్ళకు గంతలు కట్టి, బండి మీద తెచ్చి జింకల మీదికి వదిలేవారు. రాయచూరు సీమ 1948 వరకు నిజాం పాలనలో ఉండేది. నదికి అవతల ఆదోని ప్రాంతం 1800లో కుంపిణీ చేతికి వెళ్ళి మద్రాసు రాజధానిలో కలిసింది. ఇటు నవాబుల షికారు, అటు దొరల తుపాకీ. 1912లో బ్రిటిషువారు పక్షుల, జంతువుల రక్షణకు ఒక చట్టం చేశారు. అయితే దాని చూపంతా వేటకు ఏ నెలలు తగవు అన్నదాని మీదే. స్వాతంత్ర్యం వచ్చేసరికి చీతా కనుమరుగైంది. 1952లో మన దేశంలో అది లేనట్లేనని ప్రభుత్వం ప్రకటించింది. 2022లో నమీబియా నుంచి తెచ్చిన చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. అది వేరే కథ. మన మెట్టల్లో మాత్రం జింకను తరిమే ఆ జంతువు ఇక లేదు. తోడేలూ అరుదైపోయింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో చేరింది. ఇది మంచి పని. ఈ చట్టమే లేకపోతే జీపులూ సర్చిలైట్లూ జింకను కూడా చీతా దారి పట్టించేవి. కానీ చట్టంలో ఒక మెలిక ఉంది. మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ముప్పు తెస్తేనో, కోలుకోలేని జబ్బునో గాయాన్నో పొందితేనో తప్ప దానిని చంపడానికి అనుమతి ఇవ్వరు. పంట తిన్నదన్న కారణం చెల్లదు. అంటే దేశమంతా కలిసి జింకకు అభయమిచ్చింది, దాని మేత ఖర్చు మాత్రం మెట్టరైతు ఖాతాలో రాసింది.

ఇలా రాస్తే ఏమవుతుందో చూడాలంటే ఇక్కడికి తూర్పున, నందికొట్కూరు ప్రాంతంలో ఉన్న రోళ్ళపాడుకు వెళ్ళాలి. అక్కడి గడ్డి మైదానాల్లో బట్టమేక పిట్ట ఉండేది. దాదాపు మీటరు ఎత్తు, మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే కొద్ది. సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ గూడు లేకుండా వట్టి నేల మీద. ఈ పిట్ట కోసం 1988లో రోళ్ళపాడును అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. కంచె వేశారు, మేపును కట్టడి చేశారు. కంచె లోపల గడ్డి పెరిగింది, జింకలు పెరిగాయి, అవి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. మేత పోయింది, పంటా పోయింది. ఊళ్ళకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది.

ఇక పిట్ట మాటేమిటి? అది కంచె లోపలే బతికే జీవి కాదు. రైతు జొన్నచేలు, శనగచేలు, బీళ్ళు, పశువులు మేసిన పొట్టి గడ్డి, అందులోని మిడతలు – ఇవన్నీ దాని సంసారం. కంచె బయట నీళ్ళొచ్చాయి, పైర్లు మారాయి, పురుగుమందులు పెరిగాయి, కరెంటు తీగలు వచ్చాయి. ఆ పిట్టకు ఎదుటి చూపు తక్కువ, తీగ దగ్గరికి వచ్చేదాకా కనబడదు. రోళ్ళపాడులో క్రమంగా అది కానరాకుండా పోయింది. మనకు పడమటి దిక్కున బళ్ళారి జిల్లా సిరుగుప్ప ప్రాంతంలో ఈ శతాబ్దంలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని పిట్టలు కనిపించాయి. దేశమంతా కలిపినా మిగిలినవి రెండు వందల లోపే. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే.

దీన్నిబట్టి నాకు తోచేది ఇది. పిట్టను వేటగాడొక్కడే పోగొట్టలేదు. మన లెక్కల పుస్తకం కూడా పోగొట్టింది. అడవికి విలువ రాశాం, మాగాణికి విలువ రాశాం, మధ్యలో ఉన్న బీడును బంజరు అని కొట్టివేశాం. పిట్టకు ఇంత చోటునిచ్చి, సద్దలో జొన్నలో దానికింత తిండి వదిలిన రైతును ఎన్నడూ సంరక్షకుడిగా గుర్తించలేదు.

అయితే జింకలను చంపనివ్వాలా? వద్దు. తుపాకీకి ఒకసారి తలుపు తీస్తే అది పంట తిన్న జింకను, తినని జింకను వేరుచేసి చూడదు. దొంగచాటుగా కరెంటు కంచె కట్టడం అంతకన్నా ఘోరం. దానికి జింకతోపాటు పక్క పొలం కూలీ కూడా బలవుతాడు. చేయవలసినది వేరే ఉంది. పంట నష్టానికి పరిహారం ఇవ్వవచ్చునని రెండు రాష్ట్రాల్లోనూ నిబంధన ఉంది. అది దయాదానంలా కాక బాకీలా, మళ్ళీ విత్తే అదను దాటకముందే చేతికి అందాలి. నది దాటిన జింకకు రాష్ట్రం మారినట్లు తెలియదు కనుక రెండు ప్రభుత్వాల అధికారులు కలిసి కూర్చోవాలి. బీడు ఉంచుకునే రైతుకు, జొన్న విత్తే రైతుకు ఆ పనికి తగిన ప్రతిఫలం ముట్టాలి.

రాజ్యాంగం 1976 నుంచి ప్రాణుల పట్ల దయను పౌరుల విధిగా చెబుతున్నది. విధి అందరిదీ అయినప్పుడు ఖర్చు కూడా అందరిదీ కావాలి. ఎర్రగుడి బండ మీద అశోకుడు చెప్పింది అదే. ఆయన పక్కవాడి పొయ్యి ఆర్పి దయ చూపలేదు, తన పొయ్యి దగ్గర మొదలుపెట్టాడు. ఈసారి చేలో జింకను చూసి ముచ్చటపడినప్పుడు, ఆ ముచ్చటకు ఎవరు వెల కడుతున్నారో కూడా ఒక్క క్షణం తలచుకుందాం.