దివీస్ లేబొరేటరీస్

ఔషధములకు మూలమగు క్రియాశీల రసాయనములను, వాని పూర్వరూపములను తయారుచేయు సంస్థ. ప్రధాన కార్యాలయము హైదరాబాదున కలదు. దీని తొలి కర్మాగారము 1995లో, హైదరాబాదు–విజయవాడ రహదారిని ఆనుకొనిన చౌటుప్పల్ ప్రాంతమున, నాటి నల్లగొండ జిల్లాలో వెలసెను. 2016 నాటి పునర్విభజనచే ఆ ప్రాంతము యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది.

స్థాపకుడగు దివి మురళి ఔషధశాస్త్రము నభ్యసించినవాడు. అమెరికాలో పనిచేసి, 1984లో స్వదేశమునకు మరలి, ఔషధ పారిశ్రామికుడగు కల్లం అంజిరెడ్డితో కూడి కెమినార్ అను ఔషధ సంస్థలో కృషిచేసి, 1990లో దివీస్ రీసెర్చ్ సెంటర్‌ను నెలకొల్పెను. అది మొదట కర్మాగారము కాదు, పరిశోధనాలయము. ఔషధ రసాయనముల తయారీకి అనువగు విధానములను రూపొందించి, దేశీయ సంస్థలకు సమకూర్చుటయే దాని వృత్తి. 1970 నాటి పేటెంట్ల చట్టము ఔషధముల విషయమున వస్తువునకు గాక తయారీ విధానమునకు మాత్రమే హక్కు నొసగినందున, క్రొత్త విధానము నెరిగిన రసాయనజ్ఞునకు ఆ యెఱుకయే మూలధనమయ్యెను.

విజ్ఞానము పునాదిగా లేచు సంస్థలకు ప్రయోగశాలనుండి కర్మాగారమునకు సాగు దారియే మిక్కిలి దుర్గమము. గాజుకుప్పెలో గ్రాములకొలది సిద్ధించినది వేల లీటర్ల పాత్రలో అట్లే సిద్ధింపదు. పాత్ర పెరిగినకొలది దాని ఘనపరిమాణము ఉపరితలముకంటె శీఘ్రముగా పెరుగును గనుక, రసాయనచర్యలో పుట్టిన వేడిమి వెలికిపోవుట కష్టమై, అనవసర పదార్థములు జనించును. ఈ సంస్థకు పేరు తెచ్చిన నాప్రోక్సెన్ అను నొప్పినివారిణి యణువునకు, కుడి యెడమ చేతులవలె, పరస్పర ప్రతిబింబములగు రెండు రూపములు కలవు. అందొకదానినే ఔషధముగా వాడుదురు. దానిని టన్నులకొలది శుద్ధముగా వేరుపరచుట ఒకనాటి పని కాదు.

ఇట్టి సాధనకు వలసిన కాలమును అప్పుసొమ్ము ఓర్వజాలదు. వడ్డీ ప్రయోగఫలమునకై వేచియుండదు. ఐదేండ్లు పరులకై విధానములను రూపొందించి అనుభవమును, విశ్వాసమును ఆర్జించిన పిమ్మటనే దివీస్ స్వీయోత్పత్తికి పూనుకొనెను. 1994లో సంస్థ నేటి పేరు దాల్చినది; 2002లో విశాఖపట్టణ సమీపమున చిప్పాడలో రెండవ కర్మాగారము ఆరంభమైనది; 2003లో, అనగా స్థాపనానంతరము పదుమూడేండ్లకు, వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజీలకెక్కినవి. శాస్త్రజ్ఞుడు వ్యాపారమునకు దిగదలచినచో ఈ క్రమమును శ్రద్ధగా పరికింపదగును: ఇచ్చట విద్య మొదట తన గ్రాసమును తానే సంపాదించుకొనెను, గోడలు ఆ పిదప లేచినవి.