ఇస్తిఖ్లాల్ (కువైటు యుద్ధనౌక)

ఇస్తిఖ్లాల్ అనునది కువైటు నౌకాదళమునకై జర్మనీదేశమందలి ల్యుర్సెన్ సంస్థ నిర్మించిన గస్తీ నౌక. 1980వ దశాబ్ది పూర్వార్ధమున ఆ దేశమునకు చేరిన ఎనిమిది నౌకలలో ఆరు టి.ఎన్.సి.-45 తరగతికిని, ఇస్తిఖ్లాల్, సబ్హాన్ అను పెద్దవి రెండును ఎఫ్.పి.బి.-57 తరగతికిని చెందినవి. చిన్నవానిలో కొన్నిటికి బూమ్, బతీల్, సంబూక్ అని, పూర్వపు కొయ్య ఓడల పేర్లే పెట్టిరి. ఇస్తిఖ్లాల్ పొడవు సుమారు 58 మీటర్లు. ముందు 76 మిల్లీమీటర్ల ఫిరంగియు, వెనుక 40 మిల్లీమీటర్ల జంట ఫిరంగియు, నడుమ నాలుగు ఎక్సోసె క్షిపణులును దాని ఆయుధములు.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించినపుడు, ఆ ఎనిమిది నౌకలలో తప్పించుకొనగలిగినవి ఇస్తిఖ్లాల్, అల్ సంబూక్ అను రెండు మాత్రమే. తక్కిన ఆరును శత్రుహస్తగతములయ్యెను. ఇస్తిఖ్లాల్ కీర్తికి మూలము ఆనాటి పలాయనమే యనుట తప్పు కాదు. అది లేనిచో, అమెరికా మొదలగు మిత్రపక్షముతో కలిసి కువైటును విడిపించుటకు జరిపిన తరువాతి యుద్ధమున కువైటు జెండాతో పోరాడుటకు నౌకలే కరవయ్యెడివి.

1991 జనవరి 18 రాత్రి అమెరికా ఫ్రిగేటు నికొలస్‌తో కలిసి ఇస్తిఖ్లాల్ దుర్రా చమురుక్షేత్రముపై దాడి సల్పెను. సముద్రమధ్యమందలి ఆ చమురు వేదికలపై ఇరాకు సైనికులు మాటువేసి, భుజముపైనుండి ప్రయోగించు క్షిపణులతో మిత్రపక్ష విమానములను బెదరించుచుండిరి. నికొలస్‌పైనుండి లేచిన అమెరికా సైనిక హెలికాప్టర్లు చీకటిలో రాకెట్లు ప్రయోగింపగా, ఫ్రిగేటును ఇస్తిఖ్లాలును ఫిరంగులతో ఆ పనిని కొనసాగించెను. పదునొకండు వేదికలు విముక్తములయ్యెను. శత్రువులలో ఐదుగురు మడిసిరి, 23 మంది బందీలైరి.

శత్రువునకు చిక్కిన సోదరనౌకల గతి విషాదకరము. కువైటు సొమ్ముతో కొన్న ఆ నౌకలను ఇరాకు తన పక్షమున సముద్రమునకు దింపగా, బ్రిటిష్ లింక్స్ హెలికాప్టర్ల సీ స్కువా క్షిపణులు మొదలగు మిత్రపక్ష దాడులకు గురియై అవి నాశనమయ్యెను.

యుద్ధానంతరము కువైటు ఫ్రాన్సు దేశమందలి షెర్బూర్ నుండి ఎనిమిది క్రొత్త గస్తీ నౌకలను తెప్పించెను. వానిలో ఒకదానికి, శత్రువు చేజిక్కినవానిలో ఒకటియైన అల్ అహ్మదీ పేరే మరల పెట్టిరి. మరియొకదానికి, 1991 జనవరి 24న మొట్టమొదట విముక్తమైన కువైటు భూభాగమగు గారూ ద్వీపము పేరు పెట్టిరి.