నంబరే పేరుగా బతికిన ఇంజన్లు

కాజీపేట గురించి ఎవరు రాసినా గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలుపెడతారు. తప్పేమీ లేదు. 1929 నాటికి బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిశాకే మన ఊరు పెద్ద జంక్షను అయింది. అయితే మన బడిలో చదివిన రైల్వే పిల్లల్లో చాలామంది ఇళ్లలో పొయ్యి వెలిగింది గూడ్సు బండ్ల మీద. నాన్న ఏ బండి మీద వెళ్లాడని అడిగితే మెయిలు పేరు చెప్పేవాళ్లు తక్కువ. "బొగ్గు బండి మీద, బెల్లంపల్లి వైపు" అనే జవాబే ఎక్కువ. ఆ బండ్లకు పేర్లుండవు, వాటిని లాగే ఇంజన్లకూ ఉండవు. ఉన్నది నంబరొక్కటే. 1970ల మొదట్లో మేం నలుగురైదుగురం నోటు పుస్తకాల్లో రాసుకున్నది ఆ నంబర్లే.

ఇంజను నంబర్లు రాసుకోవడం ఇంగ్లండులో పెద్ద సరదా అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అక్కడ సదరన్ రైల్వేలో గుమాస్తాగా ఉన్న ఇయాన్ అలెన్ 1942లో ఆ రైల్వే ఇంజన్ల నంబర్లన్నీ చిన్న పుస్తకంగా అచ్చు వేశాడు. పిల్లలు దాన్ని కొనుక్కుని, చూసిన నంబరు కింద గీత గీసుకునేవాళ్లు. మనకు అలాంటి పుస్తకం లేదు. పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీలు, అరిగిన పెన్సిలు, ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్లు, అంతే. గార్డు గారి అబ్బాయి మాలో నిపుణుడు. ఏ ఇంజను ఏ షెడ్డుదో దాని పక్కన రాసిన అక్షరాలు చూసి చెప్పేవాడు. కే జెడ్ జే అంటే మనది. గుత్తి, గుంతకల్ అక్షరాలు కనిపిస్తే దూరపు చుట్టం వచ్చినట్టు సంబరపడేవాళ్లం.

నంబరు చూస్తే ఇంజను కులగోత్రాలు తెలిసిపోయేవి. ఏడు వేలతో మొదలైతే డబ్ల్యూపీ, ముందు తుపాకీ గుండులా కోసుగా ఉండే ముక్కుతో ప్యాసింజర్లు లాగే ఆవిరి ఇంజను. ఎనిమిది, తొమ్మిది, పది వేలైతే డబ్ల్యూజీ. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, పీ అంటే ప్యాసింజరు, జీ అంటే గూడ్సు. ఈ రెండు ఇంజన్లకూ బాయిలరు ఒకే నమూనా. తేడా అంతా చక్రాల్లో ఉంది. డబ్ల్యూపీ పెద్ద చక్రం ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, అలాంటివి ఆరు. డబ్ల్యూజీ చక్రం దానికంటే అర అడుగు చిన్నది, కానీ ఎనిమిది. చక్రం చిన్నదైతే పరుగు తగ్గి లాగుడు పెరుగుతుంది. మా సైన్సు సారు బలం, వేగం పాఠాన్ని ఈ రెండు ఇంజన్ల మీదే చెప్పారు. ఆ పాఠం మా తరగతిలో మరచిపోయినవాడు ఉండడనుకుంటాను.

డబ్ల్యూజీ సామాన్యమైన ఇంజను కాదు. మొదటి వంద గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీ నుంచి వచ్చాయి. ఆ వెంటనే బెంగాల్లో చిత్తరంజన్ కర్మాగారం వీటినే చేయడం మొదలుపెట్టింది. అక్కడ తయారైన మొదటి ఇంజను, నంబరు 8401, 1950 నవంబరు 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా పట్టాలెక్కింది. దానికి దేశబంధు అని పేరు పెట్టారు. 1970లో అక్కడి చివరి డబ్ల్యూజీ 10560కి అంతిమ్ సితారా అన్నారు. మొత్తం మీద తయారైన డబ్ల్యూజీలు 2450 దాకా ఉంటాయి. మొదటిదానికీ చివరిదానికీ పేర్లు పెట్టి, మధ్యలో దేశం బొగ్గూ ఇనుమూ ధాన్యమూ మోసిన వేల ఇంజన్లను నంబర్లతోనే పంపేశారు. మా నోటు పుస్తకాల్లోవి ఆ మధ్యలోవే.

మన వైపు వాటికి పని దొరికింది సింగరేణి వల్ల. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889 నాటికి నిజాం రైలు దారి బెజవాడ చేరింది. తర్వాత గోదావరి రెండు గట్లా గనులు లేచాయి. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం వైపు నుంచి వచ్చే బొగ్గు మన యార్డు మీదుగానే సికింద్రాబాదు వైపూ విజయవాడ వైపూ చీలేది. ఇందులో ఒక తమాషా ఉంది. లాగే ఇంజను కూడా ఆ బొగ్గే తినేది. డబ్ల్యూజీ వెనక టెండరులో 18 టన్నుల బొగ్గు పట్టేది. అందులో సగానికి పైగా ఒక మనిషి పారతో ఎత్తి మంటలోకి విసరాల్సి వచ్చే ప్రయాణాలుండేవి.

ఆ మనిషి ఫైర్‌మన్. ఆవిరి ఇంజను మీద డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్‌లు, మొత్తం ముగ్గురు. డీజిలు మీద డ్రైవరు, అసిస్టెంటు, ఇద్దరే. పిల్లలకు కొత్త ఇంజను పండగే. ఇళ్లలో మాత్రం ఆ మూడో మనిషి ఏమవుతాడన్న మాట నడిచేది. కొందరు శిక్షణకు వెళ్లి డీజిలు అసిస్టెంట్లయ్యారు. వయసు మీరినవాళ్లు షెడ్డు పనికి మళ్లారు. ఊరు మారినవాళ్లతో పాటు వాళ్ల పిల్లలు టీసీలు తీసుకుని వెళ్లిపోయారు. నా తరగతి ఫోటోల్లో ఏడాదికేడాది మొహాలు ఎందుకు మారాయో చెప్పాలంటే ఇంజన్ల చరిత్రే చెప్పాలి.

ఆ కొత్త ఇంజను డబ్ల్యూడీఎం-2. డీ అంటే డీజిలు, ఎం అంటే ప్యాసింజరుకీ గూడ్సుకీ పనికొచ్చేదని. అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనా, 2600 గుర్రాల బలం. 1962లో మొదట దిగుమతయి, 1964 జనవరి నుంచి వారణాసిలో తయారైంది. వాటి నంబర్లు 16, 17, 18 వేలలో ఉండేవి. డ్రైవరు హ్యాండిలు ఎనిమిది మెట్ల మీద ఒక్కొక్కటే పెంచుతుంటే, టర్బో అందుకునే లోపు నల్లటి పొగ గుప్పున లేచేది. లూపు లైనులో సిగ్నలు కోసం నిలబడ్డా ఇంజను ఆపేవాళ్లు కాదు. గుడుగుడుమని అదే లయలో గంటల తరబడి కొట్టుకునేది. పడమటి గదుల్లో కిటికీ అద్దాలు వణుకుతుంటే, మా తెలుగు సారు పద్యం ఆపి, ఆ బండి కదిలాక మళ్లీ ఎత్తుకునేవారు. ఆ లయ నచ్చనివాడు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆవిరి ఇంజను అందమంతా వేరని వాదించే నా తోటివాళ్లతో నేను ఇప్పటికీ ఒప్పుకోను.

నా పుస్తకంలో 1974 మే నెల పేజీ చాలా పలుచన. మే 8 నుంచి 27 దాకా దేశమంతా రైల్వే సమ్మె. డ్రైవర్ల పని గంటలు పదికి మించకూడదన్న పోరాటం అంతకు ముందు ఏడాదే సాగింది. పది గంటలు అన్నమాట విలువ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి పుస్తకంలో సంతకం చేయించుకుంటే, నాన్న లైను బాక్సుతో వెళ్లేవాడు. బొగ్గు బండి ఎక్స్‌ప్రెస్‌లన్నింటికీ దారి ఇచ్చి లూపుల్లో పడి ఉంటే, తిరిగి వచ్చేది మర్నాడో ఆ మర్నాడో. ఆ సమ్మెలో దేశవ్యాప్తంగా వేలమంది అరెస్టయ్యారు, వేలమంది ఉద్యోగాలు పోయాయి. 1977 తర్వాత చాలామందిని తిరిగి తీసుకున్నారు. ఆ ఇరవై రోజులూ బ్రిడ్జి మీదికి వెళ్లవద్దని అమ్మలు గట్టిగా చెప్పారు. ఇంట్లోంచి వినబడ్డ కూతలు లెక్కపెట్టి రాసుకున్నాను. నంబర్లు లేవు, గీతలే ఉన్నాయి.

తర్వాత సంగతి త్వరగా జరిగిపోయింది. ఎనభైల రెండవ సగంలో మన దారి మీద కరెంటు తీగలు పరిచారు. డబ్ల్యూఏజీ-5 వచ్చింది, 3850 గుర్రాల బలం. ఆ తర్వాత 6000 గుర్రాల డబ్ల్యూఏజీ-9. బ్రాడ్‌గేజి మీద ఆవిరి 1995 డిసెంబరులో ముగిసింది. వారణాసిలో తయారైన మొదటి డబ్ల్యూడీఎం-2, నంబరు 18040, ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. దాని తోటివి రెండున్నర వేలకు పైగా నడిచాయి, వాటిలో చాలావాటికి తుక్కు బజారే గతి అయింది. 2023 జూలైలో కాజీపేటలో వ్యాగన్ల కర్మాగారానికి శంకుస్థాపన జరిగినప్పుడు, దాన్ని టీవీలో చూస్తూ మా పాత బృందంలో ఇద్దరం ఫోనులో గంటసేపు నంబర్లు అప్పజెప్పుకున్నాం.

ఒక పని మిగిలింది. డ్రైవర్లు, గార్డులు ఏ రోజు ఏ ఇంజను మీద, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారో జేబు డైరీల్లో రాసుకునేవాళ్లు. రిటైరయ్యాక అవి అటకల మీదికి చేరాయి. మీ ఇళ్లలో అలాంటివి ఉంటే పారేయకండి. బడి లైబ్రరీలో ఒక అర ఇస్తామని సంఘం ఒప్పుకుంది. ఫోటో తీసుకుని అసలు మీకే తిరిగి ఇచ్చేస్తాం. నా నోటు పుస్తకాలు మూడు ఇప్పటికే అక్కడ పెట్టాను. వాటిలో 1973 వానాకాలం లేదు, టైఫాయిడ్‌తో మూడు నెలలు మంచం పట్టాను. ఆ మూడు నెలల నంబర్లు గార్డు గారి అబ్బాయి నా కోసం విడిగా ఒక నీలం అట్ట పుస్తకంలో రాసి ఉంచానన్నాడు. నాకు చేరేలోపే వాళ్ల నాన్నకు బదిలీ అయింది. ఇది చదివితే, ఒరేయ్, ఆ పుస్తకం పట్టుకుని రా.