బెర్నర్ వీధి దుబాసీ

లండన్ ఈస్ట్ ఎండ్‌లో కమర్షియల్ రోడ్డు నుంచి దక్షిణంగా దిగే సందుల్లో హెన్రిక్స్ వీధి ఒకటి. మా ఇంటికి కూతవేటు దూరం. చీకటి పడితే చాలు, గైడు వెనకాల గుంపుగా వచ్చి బడి గోడ దగ్గర ఆగేవాళ్ళతో దారి దొరకదు. 1960ల వరకు దీని పేరు బెర్నర్ వీధి. ఆ బడి ఉన్నచోటే 40వ నంబరు ఇంట్లో యూదు కార్మికుల క్లబ్బు, దాని పక్కన డట్‌ఫీల్డ్స్ యార్డ్ అనే ఇరుకు ఆవరణ ఉండేవి. 1888 సెప్టెంబరు 30, శనివారం రాత్రి గడిచి ఒంటిగంట వేళ. క్లబ్బు నిర్వాహకుడు లూయీ డీమ్‌షుట్జ్ గుర్రబ్బండిని యార్డులోకి తిప్పాడు. గుర్రం బెదిరి పక్కకు లాగింది. నేల మీద గొంతు తెగిన ఆడమనిషి. పేరు ఎలిజబెత్ స్ట్రైడ్, పుట్టింది స్వీడన్‌లో. జాక్ ద రిప్పర్ ఖాతాలో వేసే ఐదు హత్యల్లో ఇది మూడోది.

ఇక్కడికొచ్చిన ప్రతి గైడూ చెప్పే కథ ఇజ్రాయెల్ ష్వార్ట్జ్‌ది. హంగరీ నుంచి వచ్చిన యూదుడు, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ ఆదివారం సాయంత్రమే లెమన్ స్ట్రీట్ పోలీసు స్టేషనుకు వెళ్ళి తను చూసింది చెప్పాడు. దుబాసీగా వచ్చింది అతని స్నేహితుడేనని స్టార్ పత్రిక రాసింది. స్టేషనులో రాసుకున్న అసలు వాంగ్మూలం ఇప్పుడు లేదు. చీఫ్ ఇన్‌స్పెక్టర్ డొనాల్డ్ స్వాన్సన్ హోం ఆఫీసు కోసం అక్టోబరు 19న రాసిన నివేదికలో దాని సారాంశం మిగిలింది. అంటే ష్వార్ట్జ్ నోటి మాట స్నేహితుడి నోట్లోకి, అక్కణ్ణుంచి రాసుకున్న పోలీసు చేతికి, చివరికి స్వాన్సన్ కలానికి వచ్చింది. మన జిల్లా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రికార్డుకెక్కడం చూసినవారికి ఈ మెలిక విడమరిచి చెప్పక్కర్లేదు. ష్వార్ట్జ్ చిరునామానే చూడండి: 22, హెలెన్ స్ట్రీట్, బ్యాక్‌చర్చ్ లేన్ అని రాశారు. అది ఎల్లెన్ స్ట్రీట్ అయ్యుంటుందని ఈ కేసు చదివినవాళ్ళలో చాలామంది అనుకుంటారు. నేనూ అంతే.

స్వాన్సన్ ప్రకారం జరిగింది ఇది. ఒంటిగంటకు పావుగంట తక్కువప్పుడు ష్వార్ట్జ్ కమర్షియల్ రోడ్డు నుంచి వీధిలోకి మళ్ళాడు. యార్డు గేటు దగ్గర నిలబడ్డ స్త్రీతో ఒకడు ఆగి మాట్లాడుతున్నాడు. ఆమెను వీధిలోకి లాగబోయి, చుట్టూ తిప్పి కాలిబాట మీద పడేశాడు. ఆమె మూడుసార్లు అరిచింది గానీ అంత గట్టిగా కాదు. ష్వార్ట్జ్ అవతలి వైపుకు దాటితే, అక్కడ ఇంకొకడు పైపు వెలిగించుకుంటున్నాడు. ఆమెను పడేసినవాడు "లిప్‌స్కీ" అని కేక వేశాడు. ష్వార్ట్జ్ నడక సాగించాడు, రెండోవాడు వెంట వస్తున్నాడని గమనించి రైలు వంతెన దాకా పరిగెత్తాడు.

మర్నాడు, అక్టోబరు 1న, స్టార్ విలేకరి అతన్ని బ్యాక్‌చర్చ్ లేన్‌లో పట్టుకున్నాడు. అక్కడా దుబాసీ దొరికాడు. పోలీసులకు చెప్పిందే మళ్ళీ చెప్పించామని పత్రిక రాసుకుంది. కానీ కథ అదే కాదు. ఇందులో మొదటివాడు కొంచెం తాగి ఉన్నాడు, స్త్రీని బయటికి లాగడం కాకుండా సందులోపలికి నెట్టాడు. రెండోవాడు కాస్త దూరంలోని పబ్బు గుమ్మంలోంచి వచ్చాడు. అరిచింది మొదటివాడు కాదు, రెండోవాడు. అదీ పేరు పెట్టి పిలవడం కాదు, స్నేహితుడికి ఏదో హెచ్చరిక. అతని చేతిలో ఉన్నది పైపు కాదు, కత్తి.

పైపు కత్తి అయిపోయిందంటే నేరం దుబాసీ మీద వేయడం తేలిక. నాకు మాత్రం అలా అనిపించదు. భాష తెలియక దొర్లిన తప్పులు ఎటుపడితే అటు పోతాయి. ఒకటి కథను పెంచుతుంది, ఒకటి చప్పబరుస్తుంది, ఒకటి అర్థమే లేకుండా చేస్తుంది. స్టార్‌లో మారినవి దాదాపు అన్నీ ఒకే దిక్కుకు మారాయి. లాగడం నెట్టడమైతే శవం దొరికిన చోటుకు సరిపోతుంది. శవం యార్డు లోపల దొరికిందని విలేకరికి అప్పటికే తెలుసు. పేరు హెచ్చరికైతే ఇద్దరూ తోడుదొంగలవుతారు. పైపు కత్తైతే సాక్షి ఎందుకు పారిపోయాడో ఎవరూ అడగరు. ఇది అనువాదం చేసిన పని కాదు, అచ్చుకు పనికొచ్చేలా కథ అల్లినవాడి పని. ష్వార్ట్జే రెండోసారి చెప్పేటప్పుడు తన పిరికితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి కత్తి చేర్చి ఉండొచ్చు కూడా. తాగి ఉన్నాడన్న మాటను మాత్రం నేను కొట్టిపారేయను. దానివల్ల కథకు ఒరిగేదేమీ లేదు.

దుబాసీ నీడ నాకు కనిపించేది ఆ అరుపుల దగ్గర. మూడుసార్లు అరిచింది, కానీ గట్టిగా కాదు అనేది ఎవరైనా అలా చెప్పే మాటేనా? కీచుమందా, మూలిగిందా, వద్దు వద్దు అందా? పక్కనే క్లబ్బులో జనం ఉన్నారు, పాటలు పాడుతున్నారు. ఒక్కరూ ఏ అరుపూ వినలేదు. "పెద్దగా కాదు" అనేది సాక్షి చేర్చాడో, పోలీసులు గుచ్చిగుచ్చి అడిగితే వచ్చిందో కాగితం చెప్పదు. చచ్చిపోయిన స్త్రీ చేతిలో సువాసన బిళ్ళల పొట్లం ఇంకా ఉందని డాక్టర్లు చూశారు. కాలిబాట మీద విసిరేస్తే అది చేయి జారలేదా అని నాకు అనుమానం. ఈ సాక్ష్యానికి దుబాసీ అక్కర్లేదు.

అలాగని సొంత భాషలో చెప్పినవాళ్ళంతా ఒక్కతీరుగా చెప్పారా అంటే, అదీ లేదు. 36వ నంబరు ఇంటి ఫానీ మార్టిమర్ పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా దాదాపు గుమ్మంలోనే నిలబడ్డానన్నట్టు ఒకచోట, పది నిమిషాలే నిలబడ్డానన్నట్టు ఇంకోచోట అచ్చయింది. గొడవేదీ ఆమె చూడలేదు. జేమ్స్ బ్రౌన్ అనే ఆయన సరిగ్గా ఆ పన్నెండూ ముప్పావుకే ఫెయిర్‌క్లఫ్ వీధి మూల మీద ఒక మగవాడితో స్ట్రైడ్‌ను చూశానని నమ్మాడు. ఈ గడియారాలన్నీ నిజమైతే ఆ చుట్టుపక్కల ఇద్దరు స్ట్రైడ్‌లు ఉండాలి.

ఇక లిప్‌స్కీ. అనువాదమే అక్కర్లేని ఒకే ఒక్క మాట అది, అధికారులు ఎక్కువ తలకొట్టుకున్నదీ దాని మీదే. బెర్నర్ వీధికి పక్క వీధే బ్యాటీ స్ట్రీట్. 1887 జూన్‌లో అక్కడ 16వ నంబరు ఇంట్లో మిరియమ్ ఏంజెల్ అనే ఆమెను నైట్రిక్ యాసిడ్ తాగించి చంపారు. ఇజ్రాయెల్ లిప్‌స్కీ అనే పోలండ్ యూదుణ్ణి ఆ ఆగస్టులో ఉరితీశారు. అప్పట్నుంచి ఈ పేటలో యూదుల్ని చూసి అల్లరిమూకలు ఆ పేరుతో వెక్కిరించేవి. లండన్ నడిబొడ్డున కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఇది తెలియదు. రెండోవాడి పేరు లిప్‌స్కీ కాబోలనుకుని ఆ ఇంటిపేరువాళ్ళ కోసం వెతికించారు. ఆ మాట వాడాడంటే హంతకుడు యూదుడేనన్న నమ్మకం పెరుగుతోందని హోం ఆఫీసులో ఒకరు నోటు రాశారు. వైట్‌చాపెల్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఇన్‌స్పెక్టర్ ఫ్రెడరిక్ ఆబర్లైన్ నవంబరు 1న దీన్ని తిరగేసి చెప్పాడు. ష్వార్ట్జ్ ముఖం చూస్తేనే యూదుడని తెలుస్తుంది, ఆగి చూస్తున్నందుకు అతన్నే అలా తిట్టారు అని. అదే నిజమైతే తిట్టినవాడు యూదుడయ్యే అవకాశం తగ్గుతుంది. ఊరు తెలిసినవాడి చెవికీ, తెలియనివాడి చెవికీ ఉన్న తేడా ఇది.

స్ట్రైడ్ మృతి మీద కరోనర్ వైన్ బాక్స్‌టర్ విచారణ కేబుల్ స్ట్రీట్‌లోని వెస్ట్రీ హాల్లో అక్టోబరు 23 వరకు జరిగింది. పత్రికలు రోజూ రాసిన ఆ విచారణలో ష్వార్ట్జ్ ఎక్కడా కనిపించడు. చిత్రంగా, నవంబరులో పోలీసు ఉన్నతాధికారి రాబర్ట్ ఆండర్సన్ ఒక ముసాయిదాలో అతను విచారణలో సాక్ష్యమిచ్చినట్టే రాశాడు. అక్టోబరు 2న స్టార్, లెమన్ స్ట్రీట్ పోలీసులకు ఈ కథ మీద అనుమానం ఉందంది. స్వాన్సన్ మాత్రం, నమ్మదగినదైతే అంటూనే, పోలీసు నివేదికలో ఏ సందేహమూ లేదన్నాడు.

నేను స్వాన్సన్ కాగితం వైపే మొగ్గుతాను. ఆబర్లైన్ గుచ్చిగుచ్చి అడిగినా, ఆ కేక ఎవరిని ఉద్దేశించిందో చెప్పలేనన్నాడు ష్వార్ట్జ్. కల్పించేవాడైతే ఏదో ఒక జవాబు చేతిలో పెట్టేవాడు. చోటు, వేళ, కింద పడ్డ స్త్రీ, లిప్‌స్కీ అన్న కేక వరకు నేను నమ్ముతాను. ఆ తర్వాత ఇంకా పావుగంట ఉంది. ఆ వ్యవధిలో ఇంకొకడు వచ్చి ఉండొచ్చని స్వాన్సన్ కూడా రాసిపెట్టాడు.