సాక్ష్యానికి తొందరేమిటి? తాగుడు మానిన సహోదరుని మొదటి సంవత్సరం

"అయ్యగారూ, మా సంఘంలో ఒక సహోదరుడు తాగుడు మానేసి పన్నెండు రోజులైంది. ఈ ఆదివారం సాక్ష్యం చెప్పిద్దామనుకుంటున్నాం. మీరేమంటారు?"

ఒక పల్లె సంఘపు పెద్ద ఈ మధ్య ఫోనులో అడిగిన మాట ఇది. వద్దన్నాను. ఆయన నొచ్చుకున్నారు. దేవుడు చేసిన మేలును దాచిపెట్టమంటారా అని అడిగారు. ఫోనులో పూర్తిగా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రశ్న ఆ ఒక్క సంఘానిదే కాదు గదా.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. సెమినరీ నుండి వచ్చిన కొత్తలో, నా మొదటి సంఘంలో, రోజూ తాగే ఒక తాపీ మేస్త్రీ ఆరాధన ముగిశాక ఏడుస్తూ ముందుకు వచ్చి ఇక ముట్టనన్నాడు. నేను పొంగిపోయి మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టాను. అతన్ని మందిరంలోనే ఉంచాం. మొదటి రోజు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టింది. పరిశుద్ధాత్ముడు పని చేస్తున్నాడనుకున్నాం. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు ఆసుపత్రిలో ఒంటి మీద లేని పురుగులను దులుపుకుంటూ కేకలు వేశాడు. దయ్యమని మాలో కొందరు గద్దించడం మొదలుపెట్టారు. డ్యూటీలో ఉన్న డాక్టరు మమ్మల్నందరినీ వరండాలోకి పంపేసి, ఇంకో పూట ఆలస్యం చేసి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. అతను బతికాడు. అందులో నా గొప్పేమీ లేదు.

ఆ రోజు నేను తెలుసుకున్నది ప్రతి కాపరికీ తెలిసి ఉండాలి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే, ఆరు గంటల నుండి ఒక రోజు లోపలే వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. ఫిట్స్ వస్తే సాధారణంగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చెదిరి, లేనివి కనబడతాయి, వినబడతాయి. అది దయ్యం కాదు, ప్రాణం తీయగల జబ్బు. దానికి మందులున్నాయి. తాగేవారిలో థయమిన్ అనే బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. దాన్ని సకాలంలో ఇవ్వకపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అలాంటి మనిషిని పస్తుంచడమంటే ఏమిటో ఆలోచించండి. ఆ మొదటి వారం ఉపవాసం ఉండాలనుకుంటే మనం ఉందాం. అతనికి మాత్రం అన్నం పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్దాం.

ఈ సంగతిలో నాకు దారి చూపింది 1 రాజులు 19వ అధ్యాయం. బదరీవృక్షం కింద చచ్చిపోవాలని కోరుకున్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. హోరేబు, అక్కడి మెల్లని స్వరం ఆ తర్వాతి మాట. తాగుడు మానినవారి కూడికల్లో, మళ్లీ గ్లాసు దగ్గరకు లాగే నాలుగు సంగతులను జాగ్రత్తగా చూసుకోమంటారు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఆ చెట్టు కింద ప్రవక్తకు ఈ నాలుగూ ఉన్నాయి! మన సహోదరుడు మధ్యాహ్నం తిన్నాడా, రాత్రి నిద్రపోయాడా అని అడగడం ఆత్మీయం కాని పని అనుకోకండి.

ఇక సాక్ష్యం విషయానికి వద్దాం. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం పేరు మీలో చాలామంది విని ఉంటారు. 1935లో అమెరికాలోని అక్రాన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి మొదలుపెట్టారు. దాని వేర్లు ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో ఉన్నాయి. 1934 డిసెంబరులో న్యూయార్క్ ఆసుపత్రి మంచం మీద బిల్‌కు గది అంతా వెలుగుతో నిండిన అనుభవం కలిగింది. మళ్లీ ఎన్నడూ తాగలేదు. మన దగ్గరైతే ఆ ఆదివారమే మైకు ఇచ్చేవాళ్లం. కానీ అయిదు నెలలకే, వ్యాపారం చెడి అక్రాన్‌లోని ఒక హోటల్లో ఒంటరిగా నిలబడ్డప్పుడు, బార్ లోపలి సందడి అతన్ని లాగింది. ఆ వెలుగును గుర్తు చేసుకుని ఊరుకోలేదు. ఊళ్లోని పాదిరుల నంబర్లు వెదికి ఫోన్లు చేశాడు. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలి అన్నాడు. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్.

బాబ్ కథ వేరు. బిల్‌ను కలిసిన కొన్ని వారాలకే వైద్యుల మహాసభకు వెళ్లి మళ్లీ తాగి పడిపోయాడు. అతని చివరి గ్లాసు 1935 జూన్ 10న. ఆ సహవాసం తన పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆ తేదీనే. ఆ తర్వాత కూడా రెండున్నరేళ్ల పాటు తాగాలనే కోరిక తనను పెద్దగా వదల్లేదని అతనే రాసుకున్నాడు. తాగలేదు, కోరిక మాత్రం పోలేదు. "కోరిక ఇంకా ఉందంటే నీకు రక్షణ లేదు" అని మన వేదికల మీద చెప్పే బోధకులు దీన్ని కాస్త ఆలోచించాలి. ఆ సహవాసపు పుస్తకం 1939లో వెలువడింది. చదివినవారు చాలామంది బిల్‌కు కలిగినట్టే అందరికీ హఠాత్తుగా జరగాలనుకుని కుంగిపోయారు. అందుకే 1941లో రెండో ముద్రణకు ఒక వివరణ చేర్చారు: ఎక్కువమందిలో మార్పు నెమ్మదిగా, కొంతకాలం మీద వస్తుందని.

పన్నెండో రోజున సాక్ష్యం చెప్పించినప్పుడు మనం చేసే హాని ఇదే. ఆ మనిషికి "జయించినవాడు" అని పేరు పెడతాం. ముప్పయ్యో రోజున కోరిక రేగితే ఎవరితో చెప్పుకుంటాడు? చెబితే సాక్ష్యం అబద్ధమవుతుంది. కాబట్టి చెప్పడు. ఒంటరిగా పోరాడి, ఒంటరిగా పడి, తర్వాత సిగ్గుతో మందిరానికి రావడం మానేస్తాడు. మూడు నాలుగు ఆదివారాలు అతని భార్య ఒక్కతే వస్తుంది, ఆ తర్వాత ఆమె కూడా రాదు. అన్ని సంఘాల్లోనూ ఇలాంటి ఖాళీ కుర్చీలున్నాయి. లెక్కపెట్టండి.

మరి ఎదుగుదల ఎలా? మన్నాలాగా, ఏ రోజుది ఆ రోజు. నిర్గమకాండము 16లో రేపటికని దాచుకున్నది పురుగు పట్టింది. "జీవితంలో ఇక ముట్టను" అనే పెద్ద ప్రమాణం కంటే "ఈ రోజు ముట్టను" అనే చిన్న ప్రార్థన మేలు. మొదటి నెలల్లో మనసు నిలవదు, చదివింది గుర్తుండదు. అధ్యాయాలకు అధ్యాయాలు చదవమని చెప్పకండి. ఉదయం ఒక కీర్తన, రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఎక్కడ లాగిందో దేవునితో రెండు మాటలు, చాలు.

రెండోది, ఒక మనిషి. యాకోబు 5:16 పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. సంఘమంతటి ముందూ అనలేదు. వయసులో పెద్దవాడు, నోరు జారనివాడు ఒకడు చాలు. అర్ధరాత్రి ఫోను చేసినా ఎత్తాలి. కాపరులారా, ఆయన మీతో చెప్పుకున్నది వచ్చే ఆదివారం ప్రసంగంలో "ఒక సహోదరుడు" అని ఉదాహరణగా రాకూడదు. చిన్న ఊరిలో ఆ సహోదరుడెవరో అందరికీ తెలుసు.

మూడోది డబ్బు. ఇది మనకు ఇబ్బందైన మాట. మారిన ఉత్సాహంలో అతను కృతజ్ఞత కానుక తెస్తాడు. ఇంట్లో భార్య చెవి కమ్మలు తాకట్టులో ఉంటాయి, కిరాణా కొట్టులో బాకీ ఉంటుంది, కూతురి ఫీజు కట్టి ఉండదు. మత్తయి 5:23-24లో ప్రభువు అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు. లూకా 19లో జక్కయ్య మార్పు లెక్కల్లో కనబడింది. ఎవరికి ఎంత అన్యాయం చేశాడో జాబితా రాసుకుని, ఒక్కొక్కటి సరిచేసుకోవడం ఆ పన్నెండు మెట్లలోనూ ఉంది. కాబట్టి కానుక కవరు తిరిగి చేతిలో పెట్టి, "ముందు కమ్మలు విడిపించు" అని చెప్పగల కాపరి కావాలి. నేను ఒకసారి చెప్పాను. మా కమిటీలో గొడవైంది.

భార్యకు కూడా ఒక మాట. క్షమించమని ఆమెను తొందరపెట్టకండి. క్షమించడం ఒకటి, నమ్మడం మరొకటి. పదిహేనేళ్లు దెబ్బలు తిన్న సహోదరి పదిహేను రోజుల్లో నమ్మాలనడం అన్యాయం. దెబ్బలు ఆగకపోతే ఆమెకూ పిల్లలకూ వేరే చోట నీడ చూపించడం సంఘం పని. బిల్ భార్య లోయిస్ 1951లో తాగేవారి కుటుంబాల కోసం వేరే సహవాసం మొదలుపెట్టింది. తాగినవాని భార్య కూడా గాయపడి ఉంటుందని ఆమెకు తెలుసు.

డైసల్ఫిరామ్ అనే మాత్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది వేసుకున్న మనిషి కొంచెం మద్యం తాకినా ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి, రక్తపోటు పడిపోవచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టమని సలహా ఇచ్చేవారున్నారు. దయచేసి వినకండి, ప్రాణం పోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో, అతనికి తెలిసే వాడాలి. ఆల్కహాల్ కలిసిన దగ్గు మందు విషయంలోనూ జాగ్రత్త.

అదే కారణంగా ప్రభువు బల్ల. చాలా మన సంఘాల్లో పులియని ద్రాక్షరసమే వాడతాం. ఈ ఏర్పాటుకూ చరిత్ర ఉంది: 1869లో న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసం పులియకుండా నిలవచేసే పద్ధతి కనిపెట్టింది బల్ల కోసమే. వైన్ వాడే సంఘాలు అలాంటి సహోదరుని కోసం ఒక చిన్న గిన్నె వేరుగా ఉంచాలి. అతను అడిగేదాకా ఆగకుండా, ఎవరూ గమనించకుండా.

మళ్లీ పడితే? గలతీయులకు 6:1 చెప్పినట్టు సాత్వికంతో లేపాలి. రిజిస్టరులో పేరు కొట్టేయడం చివరి పనిగానైనా ఉండాలి, మొదటిది కాకూడదు. చాలామంది ఒకటి రెండు సార్లు పడే నిలబడతారు. డాక్టర్ బాబ్ లాగా.

సహాయం కోసం 14446 జాతీయ ఉచిత నంబరు. మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఈ నంబర్లను మందిరం నోటీసు బోర్డు మీద రాయండి.

ఫోను పెట్టేముందు ఆ పెద్ద అడిగారు, మరి ఆదివారం అతన్ని ఏం చెయ్యమంటారు అని. చాపలు పరిచే పని అప్పగించండి, మీ పక్కన కూర్చోబెట్టుకోండి, అన్నానికి ఇంటికి తీసుకెళ్లండి అన్నాను. ఆదివారం సంగతి అలా ఉంచి, శనివారం సాయంత్రం కూలి డబ్బులు చేతికొచ్చే వేళ అతనితో ఎవరుంటారో చెప్పండి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నేనే వెళ్తాను అయ్యగారూ" అన్నారు.